బోర్డు కట్టేశాక పేరు వెతుక్కున్నాం

ఇంట్లో పచ్చళ్లు, పిండివంటలు చేసి అమ్ముకునే ఆడవాళ్లు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. వాళ్లలో ముగ్గురు నలుగురు ఈమధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు, "పేరు ఎక్కడ రిజిస్టర్ చేయించావమ్మా, ఎంతయింది" అని. ఫోన్లో ఒక్క ముక్కలో చెప్పడం నా వల్ల కావడం లేదు, ఎందుకంటే అది ఒక చోట అయ్యే పని కాదు. ఆ సంగతి తెలియకే మేము దెబ్బతిన్నాం. అందుకే మొదటి నుంచీ రాస్తున్నాను.

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఊరు. పెరటి నిండా కొబ్బరి, వెనక పంట కాలువ. మా అత్తయ్యగారు చేసిన కొబ్బరి లౌజు, సున్నుండలు తిన్న చుట్టాలెవరూ ఊరికే వెళ్లరు, ఓ డబ్బా కట్టించుకుని మరీ వెళ్తారు. డబ్బులిస్తామంటే ఆవిడ ఏనాడూ పుచ్చుకోలేదు. మా మరిది హైదరాబాద్‌లో తన ఆఫీసులో పంచితే, వాళ్లు "మాకు రెండు కేజీలు, మాకు మూడు కేజీలు" అని అడగడం మొదలుపెట్టారు. "వదినా, ఊరికే అడగాలంటే వాళ్లకీ మొహమాటంగా ఉంటోంది, ధర పెట్టేయండి" అన్నాడు. అలా 2023 దసరా వెళ్లాక మొదలుపెట్టి, 2024 సంక్రాంతికి గట్టిగా అమ్మాలని అనుకున్నాం.

పేరు గురించి అప్పుడు పెద్దగా ఆలోచించలేదు. మా ఆయన భోజనం చేస్తూ ఒక పేరు అన్నారు, అందరికీ బాగుంది, అంతే. ఆ పేరు ఇక్కడ రాయను, అది వేరేవాళ్లది. గోదావరికి సంబంధించిన ఒక మాట, దాని పక్కన వంటకి సంబంధించిన ఒక మాట, అలాంటి పేరే.

నెట్ సెంటర్‌కి వెళ్లి, చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ తీయించాం. ఆధార్, పాన్, ఫోన్‌కొచ్చిన ఓటీపీ, అరగంటలో చేతికొచ్చేసింది. తర్వాత ఫుడ్ లైసెన్సు. అప్పట్లో ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకమైతే బేసిక్ రిజిస్ట్రేషన్ చాలన్నారు, ఏడాదికి 100 రూపాయలు, 14 అంకెల నంబరు వచ్చింది. రెండింటి మీదా మా పేరు చక్కగా అచ్చయి ఉంది. "ఇక పేరు మీదేనండీ, గవర్నమెంటు సర్టిఫికెట్ ఉంది కదా" అన్నాడు నెట్ సెంటర్ అబ్బాయి. అతను మోసం చేయాలని చెప్పింది కాదు, అతనికీ అంతే తెలుసు. మాకు మటుకు ఆ మాటతో నిశ్చింత వచ్చేసింది. రెండు వేల స్టిక్కర్లు కొట్టించాం, వీధి వైపు ఫ్లెక్సీ కట్టించాం, పళ్లెంలో పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాం.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. అవతల ఒక పెద్దాయన, చాలా మర్యాదగా మాట్లాడారు. "అమ్మా, మీ స్టిక్కర్ ఫొటో మా కస్టమర్ పంపించారండి. ఆ పేరు మీద మాకు ట్రేడ్‌మార్క్ ఉంది, 30వ క్లాసులో, అంటే స్వీట్లు వచ్చే విభాగంలో రిజిస్టర్ అయింది. మీకు తెలియక పెట్టుకుని ఉంటారు. మార్చుకోండమ్మా, గొడవెందుకు" అన్నారు. నంబరు కూడా చెప్పారు, చూసుకోమని. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మా దగ్గరా సర్టిఫికెట్ ఉందండీ అని ఉద్యమ్ గురించి చెప్పబోతే, ఆయన ఓపిగ్గా విని, "అది మీరు వ్యాపారం చేస్తున్నారని చెప్పే కాగితమమ్మా, పేరు మీదని చెప్పే కాగితం కాదు" అన్నారు.

ఆయన అన్నమాట అక్షరాలా నిజమని అమలాపురంలో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గరికి వెళ్లాక తెలిసింది. ఉద్యమ్‌లో మనం ఏ పేరు కొడితే ఆ పేరే వస్తుంది, అదే పేరుతో ఇంకో పది మంది ఉన్నా అది ఆపదు. ఫుడ్ రిజిస్ట్రేషన్ కూడా అంతే, వాళ్లు చూసేది తిండి ఎవరు, ఎక్కడ తయారు చేస్తున్నారనేది. జీఎస్టీలో ట్రేడ్ నేమ్ అని ఒక గడి ఉంటుంది, అందులో రాసినంత మాత్రాన ఆ పేరు మనది అయిపోదు. పంచాయతీ లైసెన్సు, షాపుల చట్టం కింద లేబర్ డిపార్ట్‌మెంట్ వాళ్లిచ్చే రిజిస్ట్రేషన్, ఏదైనా సరే. ఒక్కరే యజమానిగా నడిపే వ్యాపారానికి, అంటే ప్రొప్రైటర్‌షిప్‌కి, పేరు నమోదు చేసే ఆఫీసంటూ విడిగా లేదు. పేరు మనదని రిజిస్టర్ చేయించుకోవాలంటే దారి ట్రేడ్‌మార్క్ ఒక్కటే, 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం కింద.

"కంపెనీ పెట్టేస్తే పేరు లాక్ అయిపోతుంది వదినా" అని మరిది అన్నాడు. అదీ అడిగాం. కంపెనీ పెడితే కేంద్రం పోర్టల్‌లో 1,000 రూపాయలు కట్టి రెండు పేర్లు ఇవ్వొచ్చు, ఒకటి ఒప్పుకుంటే 20 రోజులు మన కోసం పట్టి ఉంచుతారు, ఆలోపు కంపెనీ నమోదుకు కాగితాలు వేయాలి. అక్కడ పేర్లు గట్టిగానే చూస్తారు, ఉన్న పేరుకి ఒక అక్షరం కలిపినా, ఏకవచనాన్ని బహువచనం చేసినా కొత్త పేరుగా లెక్కపెట్టరు. కానీ కంపెనీ పేరు వచ్చినా ట్రేడ్‌మార్క్ వచ్చినట్టు కాదు, ఇంకొకరి ట్రేడ్‌మార్క్‌కి అడ్డం వస్తే ఆ పేరూ మార్చుకోవాల్సి రావచ్చు. పైగా ఏటా ఆడిట్, రిటర్నులు. కొబ్బరి లౌజు అమ్ముకునేవాళ్లకి అంత బరువు ఎందుకని ఆ ఆలోచన మానేశాం.

స్టిక్కర్ల సంగతి చెప్పాలి. అప్పటికి నాలుగు వందల చిల్లర డబ్బాలకి అంటించేసి ఉన్నాం. వేడినీళ్లలో ముంచి, గోళ్లతో గీకి, కొబ్బరి నూనె రాసి జిగురు తుడిచి, మూడు రోజులు నేనూ మా తోడికోడలూ అరుగు మీద కూర్చుని అదే పని. సగం డబ్బాలు గీతలు పడి పనికిరాకుండా పోయాయి. మిగిలిన స్టిక్కర్లు అటక మీద పెట్టాం. ఫ్లెక్సీ విప్పేసి, కొబ్బరి రాశి మీద వాన పడకుండా కప్పడానికి వాడుకున్నాం. డబ్బు పోయింది సరే, అత్తయ్యగారి మొహం చూడలేకపోయాను. ఆవిడ ఆ బోర్డు కింద నిలబడి ఫొటో తీయించుకుని చుట్టాలందరికీ పంపించారు.

తర్వాత నెల రోజులు ఇంట్లో పేర్ల గొడవే. ఈసారి ముందు వెతకాలి, తర్వాతే ఇష్టపడాలి అని గట్టిగా పెట్టుకున్నాం. ట్రేడ్‌మార్క్ వాళ్ల వెబ్‌సైట్లో పబ్లిక్ సెర్చ్ ఉంటుంది, ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. ముందు క్లాసు తెలుసుకోవాలి. వస్తువుల్నీ సేవల్నీ కలిపి 45 క్లాసులుగా పంచారు. స్వీట్లు, పిండివంటలు 30లోకి వస్తాయి. పచ్చళ్లు, వంటకి వాడే కొబ్బరి నూనె 29లోకి. పచ్చి కొబ్బరికాయలే అమ్మితే 31. అదే కొబ్బరి నూనె తలకి రాసుకునేదని అమ్మితే 3వ క్లాసు. దుకాణం పెట్టి పదిమంది సరుకు అమ్మితే ఆ అమ్మకం అనే సేవ 35. మేము స్వీట్లతో పాటు ఆవకాయ కూడా అమ్ముతాం కాబట్టి మావి 30, 29.

సెర్చ్‌లో పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, క్లాసు నంబరు ఇచ్చి చూడాలి. "మ్యాచ్ విత్" అని పెడితే సరిగ్గా అదే పేరు ఉంటేనే చూపిస్తుంది, దాంతో మోసపోకండి. నేను మొదట అలా చూసి ఏమీ లేదని సంబరపడ్డాను. "కంటెయిన్స్" అని పెడితే ఆ ముక్క ఎక్కడున్నా వస్తుంది. ఆ తర్వాత ఫొనెటిక్ అని ఇంకోటి ఉంది, వినడానికి ఒకేలా ఉండే పేర్లు తీస్తుంది. మన తెలుగు మాటలకి ఇది చాలా అవసరం, ఒకే మాటని ఒకరు ఒక "ఏ"తో, ఇంకొకరు రెండు "ఏ"లతో రాస్తారు, ఒకరు "టీ" పెడితే ఇంకొకరు "టీహెచ్" పెడతారు. నేను ఒక్కో పేరుకి నాలుగైదు స్పెల్లింగులు నోటుబుక్కులో రాసుకుని, రెండు క్లాసుల్లోనూ విడివిడిగా చూసేదాన్ని. రాత్రి పిల్లలు పడుకున్నాక అదే పని.

వచ్చిన వాటి పక్కన స్టేటస్ ఉంటుంది. రిజిస్టర్డ్ అంటే ఇక మనం అటువైపు చూడకూడదు. ఆబ్జెక్టెడ్, అపోజ్డ్ అంటే ఇంకా తేలలేదు, కానీ వాళ్లు మనకన్నా ముందు వరుసలో ఉన్నారు. అబాండన్డ్, రిఫ్యూజ్డ్ అంటే దరఖాస్తు పోయింది, అయినా ఆ పేరు వాళ్లు బయట ఇంకా వాడుతూ ఉండొచ్చు. అసలు దరఖాస్తే పెట్టకపోయినా ముందు నుంచి వాడుతున్నవాళ్లకి చట్టంలో రక్షణ ఉంది, మనం రిజిస్టర్ చేయించుకున్నా వాళ్లని ఆపలేం, పైగా వాళ్లే మన మీద కేసు వేయొచ్చు. అందుకని గూగుల్ మ్యాప్స్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, షాపింగ్ సైట్లలో కూడా వెతికాను. మా ఆయన రావులపాలెం వెళ్లినప్పుడల్లా హైవే పక్కన పూతరేకుల కొట్ల బోర్డులు ఫోన్‌లో ఫొటోలు తీసుకొచ్చేవారు. అవి చూస్తే అర్థమైంది, గోదావరి, కోనసీమ, అమ్మ, అమ్మమ్మ, బామ్మ, ఇంటి, పల్లె, రుచి, ఈ మాటల్ని ఎన్ని రకాలుగా కలపొచ్చో అన్ని రకాలుగానూ కలిపేశారు.

ఆ మాటలతో ఇంకో చిక్కు కూడా ఉంది. రాజమండ్రిలో ట్రేడ్‌మార్క్ పనులు చూసే ఒక లాయరుగారు చెప్పారు. సరుకు ఎలాంటిదో చెప్పే మాట, ఏ ఊరి నుంచి వచ్చిందో చెప్పే మాట ఉత్తినే తీసుకెళ్లి పేరుగా ఇమ్మంటే ఇవ్వరు, ఎందుకంటే అవి అందరూ వాడుకోవాల్సిన మాటలు. "కోనసీమ స్వీట్స్" అంటే కోనసీమలో స్వీట్లు చేసే ప్రతివాడికీ ఆ మాట అనే హక్కుంది కదా. ఆత్రేయపురం పూతరేకులకైతే 2023లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ కూడా వచ్చింది. అది అక్కడి తయారీదార్లందరి ఉమ్మడి ఆస్తి, ఏ ఒక్కరూ తన బ్రాండుగా కట్టేసుకోలేరు. మేము ఆత్రేయపురంలో ఒకావిడ దగ్గర పూతరేకులు కొని మా సరుకుతో పాటు పంపుతాం కాబట్టి మా పేరులో ఆ ఊరు రావాలని మరిది పట్టుబట్టాడు, లాయరుగారు వద్దనేశారు. నాకు ఆ మాట నచ్చింది. రేకు తీయడానికి కుండ సెగ దగ్గర చేతులు కాల్చుకునే ఆడవాళ్ల ఊరది, ఆ పేరు వాళ్లకే ఉండాలి.

మామయ్యగారు డొక్కా సీతమ్మగారి పేరు పెడదామన్నారు. మా పి.గన్నవరం వైపు ఆవిడంటే దేవతే, ఏ వేళప్పుడు వచ్చినా ఆకలిగొన్నవాళ్లకి వండి పెట్టిన తల్లి. కానీ ఉచితంగా అన్నం పెట్టిన మనిషి పేరు మీద డబ్బాకి ఇంత అని అమ్ముకోవడానికి నాకు మనసొప్పలేదు. మామయ్యగారితో ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆయన కాసేపు ఊరుకుని, "నిజమేనమ్మా" అన్నారు.

చివరికి పేరు మా పెరట్లోనే దొరికింది. మా ఇంట్లో ఇప్పటికీ దాలి ఉంది. తెలియని పిల్లల కోసం చెబుతున్నాను, నేలలో చిన్న గుంట, అందులో పిడకలు, ఊక వేసి నిప్పు రాజేస్తే మంట రాకుండా సన్నగా సెగ వస్తుంటుంది. దాని మీద పాలకుండ పెడితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగి, పాలు ఎర్రగా అయి, పైన మందంగా మీగడ కడుతుంది. అత్తయ్యగారు సున్నుండలకి వాడే నెయ్యి ఆ మీగడదే. ఒకరోజు దాలిగుంటలో పిడకలు సర్దుతుంటే నాకు తట్టింది, ఈ పేరే ఎందుకు పెట్టకూడదు అని. చెయ్యి కడుక్కోకుండానే ఫోన్ తీసి వెతికాను. 30లో లేదు, 29లో లేదు, బయటా ఎక్కడా కనిపించలేదు.

దాలిగుంట అనగానే మామయ్యగారు ఒప్పుకోలేదు. తినే వస్తువు పేరులో గుంట ఏమిటి, శుభమా అశుభమా అన్నారు. మా తోడికోడలిది శ్రీకాకుళం వైపు, అక్కడ గుంట అంటే ఆడపిల్ల అక్కా, నవ్వుతారు అంది. ఉత్త "దాలి" అని పెడదామా అంటే, ఇంగ్లీషులో రాస్తే పప్పులాగా, దలియాలాగా వినిపిస్తుంది, 30వ క్లాసులో అలాంటివి బోలెడున్నాయి, తప్పకుండా అడ్డం పడతారని లాయరుగారు చెప్పారు. "దాలి పాలు" అన్నాను. "మీరు పాలు అమ్మడం లేదు కదమ్మా, కొనేవాళ్లని తప్పుదోవ పట్టించే పేరు కింద పట్టుకుంటారు" అన్నారు. రెండు రోజులు మళ్లీ దిగులు. ఇదంతా వింటూ వత్తులు చేసుకుంటున్న అత్తయ్యగారు తలెత్తకుండా, "గుంట వద్దంటే కుండ అనండి, గుంటలో ఉండేది కుండేగా" అన్నారు.

దాలికుండ. పేరు ఆవిడే పెట్టారు.

దరఖాస్తు 2024 ఏప్రిల్‌లో వేశాం. టీఎం-ఏ అనే ఫారం. వ్యక్తి పేరు మీద అయితే, లేదా స్టార్టప్, చిన్న సంస్థ అయితే ఆన్‌లైన్‌లో క్లాసుకి 4,500 రూపాయలు, మిగతావాళ్లకి 9,000. నేను ప్రొప్రైటర్‌ని కాబట్టి నా పేరు మీదే వేశాం, రెండు క్లాసులకీ కలిపి 9,000 ఫీజు, లాయరుగారి ఖర్చు వేరే. డిజిటల్ సంతకం ఉంటే ఎవరికి వాళ్లు వేసుకోవచ్చు, నాకు ధైర్యం చాలక ఆయనకి అథరైజేషన్ రాసిచ్చాను. రెండు క్లాసులూ ఒకే దరఖాస్తులో పెట్టొచ్చు కానీ విడివిడిగా వేయమని ఆయన చెప్పారు, ఒకదానికి అభ్యంతరం వస్తే రెండోది కూడా దాంతో పాటు ఆగిపోకుండా. ఆ సలహా ఎంత విలువైనదో తర్వాత తెలిసింది.

ఫారంలో రెండు చోట్ల ఆగిపోయాం. ఒకటి, పేరు ఎప్పటి నుంచి వాడుతున్నారు అనేది. ఇంతకుముందు నుంచే వాడుతుంటే తేదీ వేసి, అఫిడవిట్, బిల్లులు లాంటివి జతచేయాలి. వ్యాపారం సంక్రాంతి నుంచి ఉంది కదా, ఆ తేదీ వేద్దామా అని మా ఆయన అడిగితే లాయరుగారు కుదరదన్నారు, వ్యాపారం పాతదే కానీ పేరు కొత్తది, అబద్ధం రాయకూడదు. ఇక ముందు వాడబోతున్నాం అని వేశాం. రెండోది, మేము తెలుగు అక్షరాలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిపి ఇచ్చాం. హిందీ, ఇంగ్లీషు కాని లిపి ఉంటే దాన్ని ఎలా పలకాలో, అర్థమేమిటో ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాసివ్వాలి. దాలిని ఇంగ్లీషులో ఏమంటారు? నాకైతే తెలిసిన మాట లేదు. పిడకల సెగ మీద పాలు నిదానంగా కాగే మట్టికుండ అని నేను చెబితే దాన్నే ఆయన ఇంగ్లీషులో రాశారు. ఆ వాక్యం ఆయన చదివి వినిపించినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా పెరట్లో వస్తువు ఒక ప్రభుత్వ ఫారంలో చెన్నైకి వెళుతోంది. మన రాష్ట్రం దరఖాస్తులు చూసేది చెన్నై ఆఫీసే.

దరఖాస్తు నంబరు అదే రోజు వచ్చింది. ఆ రోజు నుంచి పేరు పక్కన చిన్నగా టీఎం అని వేసుకున్నాం. గుండ్రంలో ఆర్ ఉంటుందే, అది మటుకు రిజిస్టర్ అయ్యేదాకా వేయకూడదు, చట్టప్రకారం తప్పు. కొందరు దరఖాస్తు వేసిన మర్నాడే ఆర్ వేసేస్తున్నారు, దయచేసి అలా చేయకండి. ఇంకో సంగతి, దరఖాస్తు వివరాలు వెబ్‌సైట్లో అందరికీ కనిపిస్తాయి కాబట్టి మనకి ఫోన్లు మొదలవుతాయి. మీ మార్క్ రద్దయిపోతోంది, వెంటనే ఇంత కట్టండి అంటారు. నాకు ఒకే వారంలో నాలుగు వచ్చాయి. మొదటిసారి భయపడి లాయరుగారికి చేస్తే, ఏ నోటీసైనా మన దరఖాస్తు నంబరు కింద వెబ్‌సైట్లోనే ఉంటుంది, అక్కడ లేకపోతే నమ్మకండి అన్నారు. అప్పటి నుంచి ప్రతి సోమవారం నంబరు కొట్టి నేనే చూసుకోవడం అలవాటు చేసుకున్నాను.

కొన్ని నెలలకి రెండిటికీ పరీక్ష రిపోర్టులు, అంటే ఆఫీసు వాళ్లు దరఖాస్తు పరిశీలించి ఇచ్చేవి, వచ్చాయి. 30వ క్లాసుది సాఫీగా ముందుకెళ్లిపోయింది. 29లో అభ్యంతరం పెట్టారు, "కుండ" మాట ఉన్న ఇంకో పేరు ఒకటి ముందే ఉందని. రిపోర్టు అందిన 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టే లెక్క. కట్టిన డబ్బూ పోతుంది, వరుసలో చోటూ పోతుంది. నేను సోమవారం సోమవారం చూసుకోకపోతే ఆ నెల రోజులు ఎలా గడిచేవో తెలియదు. మా పేరు మొత్తం కలిపి ఒకే మాటగా చూడాలని, అందులో ముందు వినిపించేది దాలి అని, ఆ మాట వాళ్ల పేరులో లేదని, చూపుకీ చెవికీ అర్థానికీ తేడా ఉందని లాయరుగారు జవాబు రాశారు. అది చాలక విచారణకి పిలిచారు. భయపడ్డాను కానీ చెన్నై వెళ్లక్కర్లేదు, వీడియోలోనే. లాయరుగారే మాట్లాడారు, పది నిమిషాలు కూడా పట్టలేదు. అడిగినవాటిలో ఒకటి దాలి అంటే ఏమిటని.

ఆ లోపు 30వ క్లాసు పేరు నవంబరులో ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో, అంటే ఒప్పుకున్న పేర్లని అందరికీ తెలిసేలా ఆఫీసు వాళ్లు వేసే పత్రికలో వచ్చింది. వచ్చిన నాలుగు నెలల్లో ఎవరైనా వ్యతిరేకత వేయొచ్చు. ఆ నాలుగు నెలలు నాకు చాలా టెన్షన్. పాత పేరు అనుభవం ఉంది కదా, ఫోన్ మోగితే గుండె దడదడలాడేది. ఎవరూ వేయలేదు. 2025 మార్చి ఆఖరున సర్టిఫికెట్ వచ్చింది, పోస్టులో రాదు, వెబ్‌సైట్లోంచే దింపుకోవాలి. దరఖాస్తు వేసిన రోజు నుంచి పదేళ్లు చెల్లుతుంది, అంటే మాకు 2034 ఏప్రిల్ దాకా. తర్వాత మళ్లీ ఫీజు కట్టి పొడిగించుకోవాలి, అది క్లాసుకి 9,000.

ఇక మిగతా కాగితాల్లో పేరు మార్పించుకోవడం. ఉద్యమ్‌లో మార్పు ఉచితమే, ఎవరైనా డబ్బడిగితే అది సర్కారు సైటు కాదని తెలుసుకోండి, అలాంటి నకలు సైట్లు చాలా ఉన్నాయి. ఫుడ్ రిజిస్ట్రేషన్‌లో మార్చాకే లేబుళ్లు కొట్టించాం, లేబుల్ మీద తయారీదారు పేరూ చిరునామా, బరువు, ధర, తయారుచేసిన తేదీ అన్నీ ఉండాలి కాబట్టి ఒకటి మారితే మొత్తం మార్చాలి. జీఎస్టీ మేము కొత్త పేరుతోనే తీసుకున్నాం. 40 లక్షల లోపు సరుకు అమ్మకానికి అక్కర్లేదు కదా అని చాలామంది అంటారు, నేనూ అదే అనుకున్నాను, కానీ మేము హైదరాబాద్ పంపుతున్నాం. 2014 తర్వాత అది వేరే రాష్ట్రం. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే ఎంత తక్కువ అమ్మినా జీఎస్టీ నంబరు ఉండాల్సిందే. బస్సులో పార్సిల్ వేసి పంపే మన వైపు ఆడవాళ్లకి ఈ ముక్క ఎవరూ చెప్పడం లేదు, అందుకే ఇక్కడ రాశాను. బ్యాంకులో కరెంట్ ఖాతాకి వ్యాపారం పేరుతో రెండు రుజువులు అడిగారు, ఉద్యమ్, జీఎస్టీ ఇచ్చాం.

మొన్న మా ఊళ్లోనే ఒకమ్మాయి వచ్చింది, జంతికలు, చేగోడీలు మొదలుపెడుతోంది, పేరు అనుకున్నాం అక్కా, రేపు బోర్డుకి ఇస్తున్నాం అంది. రేపు వద్దు, కూర్చో అని నా నోటుబుక్కు తీశాను. ఆ పేరుకి మూడు స్పెల్లింగులు కొట్టేసరికి 30వ క్లాసులో రెండు రిజిస్టర్డ్ కనిపించాయి. ఆ పిల్ల మొహం చిన్నబోయింది కానీ, బోర్డు ఇంకా ఇవ్వలేదు కదా అంటే తనే తేరుకుని ఇంకో పేరు చెప్పడం మొదలుపెట్టింది. అత్తయ్యగారు లోపల్నుంచి లౌజు ముక్క తెచ్చి చేతిలో పెట్టారు. తొమ్మిదింటి దాకా కూర్చున్నాం. రెండు పేర్లు మిగిలాయి, ఈ ఆదివారం రావులపాలెం కొట్ల వైపు వెళ్లి చూసొస్తామంది ఆ పిల్ల.

మా 29వ క్లాసు కూడా విచారణ తర్వాత ఒప్పుకుని జర్నల్‌లో వేశారు. నాలుగు నెలలు ఇంకా పూర్తి కాలేదు. అందాకా ఆవకాయ డబ్బాల మీద టీఎం మాత్రమే వేస్తున్నాం.